మాడు మీద తమలపాకు

ఉదయం ఏడూ పదికి మా అమ్మ, నా చెల్లెలి బిడ్డ మాడుకి ఆముదం పెట్టింది. టైము నాకు కచ్చితంగా తెలుసు. డ్యూటీకి బయల్దేరుతూ జాకెట్టుకి వాచీ గుచ్చుకుంటున్నాను. మా నర్సుల వాచీలు చేతికి ఉండవు, ఎడమవైపు గుండె మీద తలకిందులుగా వేలాడతాయి. ముల్లు చూసుకుని తల ఎత్తేసరికి అమ్మ వరండాలో కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద వేసుకుని కూర్చుని ఉంది. గిన్నెలోంచి రెండు వేళ్ళతో ఆముదం తీసి, నడినెత్తిన ఎముక ఇంకా కలవని మెత్తటి చోట వేసింది. దీపం సెగకి వెచ్చచేసిన తమలపాకు దాని మీద అద్దింది. తర్వాత నా వైపు చూసింది.

"వెళ్ళొస్తాను," అన్నాను.

అమ్మ తల ఊపింది. పిల్ల కదల్లేదు. నిద్రపోతోంది అనుకున్నాను, మంచిదే అనుకున్నాను, చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.

అవి అరవైల మధ్య రోజులు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు వెనక రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న పోయాక అమ్మ పల్లె వదిలి నా దగ్గరికి వచ్చింది. నేను విశాఖపట్నంలో నర్సు ట్రైనింగు ముగించి అనకాపల్లి ఆస్పత్రిలో చేరి రెండేళ్ళయింది. చెరుకూ వరీ పండించే మా వైపు ఇళ్ళల్లో ఆడపిల్ల ఆ ఉద్యోగానికి వెళ్ళడం అప్పటికి లేదు. ఎవరైనా అడిగితే అమ్మ "టౌన్లో ఉద్యోగం" అని ఊరుకునేది. నేను డ్యూటీ నుంచి వస్తే పెరటివైపు నుంచి రావాలి. నూతి దగ్గర స్నానం చేసి, చీర మార్చుకున్నాకనే వంటింటి గడప దాటాలి. మలమూత్రాల పళ్ళాలు ఎత్తిన చేతులతో మంచినీళ్ళ బిందె ముట్టుకోకూడదు.

ఆ వారం మొదట్లో ఒకరోజు ఎండలో పడి వచ్చి, దాహం ఆగక, స్నానం చెయ్యకుండా బిందెలో చెంబు ముంచాను. అమ్మ బిందెడు నీళ్ళూ పెరట్లో పారబోసి, బిందె తోమి, మళ్ళీ తోడుకుని వచ్చింది. నేను ఊరుకుని ఉంటే బాగుండేది. "నా చేతులు నీ చేతులకన్నా శుభ్రంగా ఉంటాయి. రోజుకి ఇరవైసార్లు సబ్బు పెట్టి కడుగుతాను," అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. అన్నం పెట్టేది, తినేదాన్ని. అంతే.

చెల్లెలు పది రోజుల కిందట కె. కోటపాడు వైపు నుంచి బస్సులో వచ్చింది. పిల్లకి ఏడో నెల. చెల్లెలికి ఇది రెండో కాన్పు. మొదటివాడు ఐదో నెలలో, ఆ పల్లెలోనే, వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు. నాకు కబురు అందేసరికే అయిపోయింది. వాడి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కాని చెల్లెలు రాత్రి రెండు మూడుసార్లు లేచి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని మళ్ళీ పడుకునేది. ఆ గదిలోనే పడుకునేదాన్ని కనుక నాకు తెలుసు.

ముందు రోజు మధ్యాహ్నం నుంచి పిల్లకి విరేచనాలు. మామిడిపళ్ళ రోజులు, ఈగలు. నేను సాయంత్రం వచ్చి చూశాను. నాలుగుసార్లు అయిందన్నారు. పిల్ల గట్టిగా ఏడుస్తోంది, కళ్ళల్లో నీళ్ళున్నాయి. నీళ్ళు కాచి చల్లార్చి, చిటికెడు ఉప్పూ కాస్త పంచదారా కలిపి చెంచాతో పడుతూ ఉండమని చెల్లెలికి చెప్పాను. చెల్లెలు సరేనంది. అమ్మ వెనక నిలబడి విన్నది. రాత్రి చాలాసేపు ఏడ్చి పిల్ల సద్దుమణిగింది. ఉదయం ఏడుపు లేదు. విరేచనాలు కట్టాయనుకున్నాను. అడగలేదు. చెల్లెలు అప్పుడే కునుకు తీస్తోంది, అడగాలంటే అమ్మతో మాట్లాడాలి.

పుస్తకాలు చదివే అలవాటు నాకు నాన్న నుంచి వచ్చింది. నర్సింగు పుస్తకాన్ని కూడా నవల చదివినట్టు మొదట్నించి చివరిదాకా చదివాను. పసిపిల్లల మాడు గురించిన పేజీ కుడివైపు వస్తుందా ఎడమవైపు వస్తుందా అన్నది కూడా అప్పట్లో చెప్పగలిగేదాన్ని.

మా ఆడవాళ్ళ వార్డు పొడుగాటి హాలు. ఒకవైపు ఆపరేషన్ అయినవాళ్ళు, ఎదురువైపు జ్వరాలవాళ్ళు, చివర కిటికీ కింద నాలుగు ఇనప ఊచల తొట్టిమంచాల్లో పిల్లలు. అందరికీ కలిపి ఒక పూటకి ఇద్దరు నర్సులం, పైన హెడ్ సిస్టరు. ఆవిడకి అప్పటికి యాభై దాటాయి. ఎక్కడో గోదావరి వైపు మనిషి. గొంతు పెద్దది కాదు. వార్డులోకి రాగానే ఆవిడ అందరినీ వరసగా చూసేది కాదు. ముందు కిటికీ దగ్గరికి పోయి, ఏడవకుండా ఉన్న పిల్ల ఎవరో చూసేది. "ఏడ్చేదానికి ఓపిక ఉందమ్మా, అది కాసేపు ఆగగలదు. ఏడవనిదాని సంగతి చూడు," అనేది. నేను చేరిన మొదటి నెలలోనే ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ ఉదయం నా చేతికింద ఉన్నవాళ్ళల్లో ముఖ్యమైన రోగి ముందురోజు రాత్రి అపెండిసైటిస్ ఆపరేషన్ అయిన ఒక రైతు కుటుంబపు కోడలు. కుట్టు బాగానే ఉంది, జ్వరం లేదు, నాడి సరిగానే ఉంది. కాని ఆపరేషన్ బల్ల మీద నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి మూత్రం రాలేదు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా తగులుతోంది. ఆమె పక్కన మంచం కింద చాప వేసుకుని ఆమె అత్త కూర్చుని ఉంది. చుట్ట తాగనివ్వలేదని నామీద ఆవిడకి కోపం.

"ఒంటికి వెళ్ళిందా?" అని అడిగాను, మూడోసారి.

"సూడండర్రా ఈ సిస్టరమ్మని," అంది అత్త పక్క మంచాలవాళ్ళతో. "దాని నోట్లో నీటిసుక్క పడనీదు. ఒంటికెల్లిందా ఒంటికెల్లిందా అని గంటకోసారి అడుగుతాది. నూతిలో నీల్లే నేకపోతే సేద ఏత్తే ఏటొస్తాది?"

పక్కవాళ్ళు నవ్వారు. పడుకున్న కోడలికీ నవ్వు వచ్చి, కుట్టు లాగి, "అత్తా, నవ్వించకే," అని మూలిగింది.

"నరంలోంచి సెలైన్ వెళ్తోంది కదా, నీళ్ళు అదే," అన్నాను.

"ఆ సీసాలోదా? దానికి రుసేటి, పచేటి!"

ఇలాంటప్పుడు మేము గొట్టం వెయ్యడానికి ముందు చేసే పనులు కొన్ని ఉన్నాయి. పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెడతాం. చుట్టూ తెర కట్టి, రోగిని కాస్త లేపి కూర్చోబెడతాం. అప్పటికీ రాకపోతే మంచం పక్కన నిలబడి ఒక చెంబులోంచి బకెట్టులోకి నీళ్ళు సన్నటి ధారగా పోస్తాం. ఆ చప్పుడుకి చాలామందికి వచ్చేస్తుంది. నేను తెర కట్టి, చెంబు పట్టుకుని, నీళ్ళు పోస్తూ నిలబడ్డాను. ఇంట్లో చెల్లెలి బిడ్డ గుడ్డ ఎప్పుడు తడిసింది అన్న ప్రశ్న అప్పుడు మొదటిసారి వచ్చింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈమె ఎవరో నాకు తెలీదు, ఈమెని మూడుసార్లు అడిగాను, కాగితం మీద రాశాను. ఇంట్లో ఒక్కసారి అడగలేదు.

అంత భయమేమీ వెయ్యలేదు అప్పటికి. మధ్యాహ్నం వెళ్ళి అడుగుదాం అనుకున్నాను.

పది దాటాక పూడిమడక నుంచి ఒకామె ఎనిమిది నెలల మగపిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వాడు ఏడవటం లేదు. నెత్తిన ఆముదం కారుతోంది, దాని మీద తమలపాకు అంటుకుని ఉంది. హెడ్ సిస్టరు ఆమెని కూర్చోనివ్వలేదు. నిలబడి ఉండగానే ఆకు ఊడబీకి, దూదితో ఆముదం తుడిచి, వేలు పెట్టి చూసింది. నేను ట్రే పట్టుకుని పక్కన ఉన్నాను. వేలు పెట్టక్కర్లేకుండానే కనిపిస్తోంది. మాడు లోపలికి దిగి ఉంది, ఒంట్లో నీళ్ళు అయిపోతున్న గుర్తు. గుంటలో చివర కాస్త ఆముదం నిలిచిపోయింది.

"ఇది ఎందుకు పెట్టావమ్మా?" అంది హెడ్ సిస్టరు.

"మాడు దిగిపోనాదమ్మా. ఆముదం ఏసి ఆకెడితే పైకొస్తాదంటారు కదా."

"రోజూ పెడతావా?"

"ఆముదం రోజూ నీల్లు పోసేక ఎడతాను. ఆకు మాత్రం మాడు దిగితేనే."

నేను ట్రే పక్క బల్ల మీద పెట్టేశాను. హెడ్ సిస్టరు నా వైపు చూసింది.

మా అమ్మ కూడా ఆముదం రోజూ స్నానం చేయించాకనే పెడుతుంది. అది పదిగంటలకి, ఎండ పెరట్లోకి వచ్చాక. ఆ రోజు స్నానం లేదు. ఏడూ పదికి పెట్టింది. ఆకు ఎప్పుడూ పెట్టదు. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఇవన్నీ నాకు తెలుసు.

"సిస్టర్, నేను ఇంటికి వెళ్ళాలి," అన్నాను.

సంగతి రెండు వాక్యాల్లో చెప్పాను. ఆవిడ విన్నది. "మాడు చూశావా?" అని అడిగింది.

"ఆకు ఉంది సిస్టర్."

"ఆకు తియ్యడానికి నీకు చేతులు లేవా?"

మా అమ్మ పెట్టిన ఆకు, మా అమ్మకీ నాకూ మాటల్లేవు అని చెప్పలేను కదా. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. "నీ అపెండిసైటిస్ మనిషిని ఇంకో సిస్టరుకి అప్పజెప్పు. ఊరికే చెప్పి పోవడం కాదు, మంచం దగ్గరికి తీసుకెళ్ళి, సెలైన్ ఎంత వెళ్ళింది, మూత్రం ఎంత రావాలి చూపించి వెళ్ళు. పిల్లని తీసుకుని ఇక్కడికే రా. ఇంట్లో కూర్చుని వైద్యం చెయ్యకు," అంది. ఆ అప్పజెప్పడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. నేను ఒక్కొక్క అంకె చదువుతుంటే అవతలి నర్సు మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆస్పత్రి గేటు దగ్గర జట్కా సాయిబు గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. రోజూ చూసే మనిషే.

"ఏటమ్మా సిస్టరమ్మా, ఇంత జల్దీగా? ఇప్పుడే నాస్తా ఎట్టేను దానికి. నీకంటే అదే బాగా తింటాది."

"ఇంట్లో పసిపిల్లకి బాగోలేదు సాయిబూ."

"అరె, ముందు ఆ మాట సెప్పాల కదా," అని గుర్రం మూతి కింద గడ్డి మోపు లాగేశాడు. నేను ఎక్కేలోపే కదిలించాడు. మార్కెట్టు దగ్గర మామిడికాయల బండి ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది.

"బావా, బండి తియ్యి బావా!"

"నీ గుర్రమేటి రైలేటి మామా, తోవ ఇమ్మంటావు?"

"రైలే! పట్టాలు తప్పితే నీ మీదకే వత్తాది, తియ్యి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. బండివాడు ఎద్దుల్ని పక్కకి తోలాడు. నేను జట్కా కర్ర పట్టుకుని, లోపల ప్రశ్నలన్నీ వరసగా వేసుకుంటున్నాను. రాత్రి నుంచి ఎన్నిసార్లు? వాంతి అయిందా? పాలు తాగిందా? ఏడిస్తే కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయా? ఆఖరిసారి గుడ్డ ఎప్పుడు తడిసింది? ట్రైనింగులో పరీక్షకి రాస్తే ఒకటి కూడా తప్పేదాన్ని కాను.

పెరటివైపుకి పోలేదు. వీధి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. స్నానం లేదు. ఆస్పత్రి చీరతోనే గది మధ్యలోకి వెళ్ళాను. అమ్మ పక్కకి తప్పుకుని దారిచ్చింది. దండెం మీద పిల్ల గుడ్డలు వరసగా ఆరేసి ఉన్నాయి. అన్నీ ఎండిపోయి బిరుసెక్కి ఉన్నాయి. కొత్తగా ఉతికి వేసిన తడిగుడ్డ ఒక్కటి లేదు.

పిల్ల చెల్లెలి ఒళ్ళో ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆకు తీశాను. కొంగుతో ఆముదం తుడిచాను. ఆముదం ఒక పట్టాన పోదు. రెండోసారి తుడిచి వేలు పెట్టాను. వేలి చివర లోపలికి దిగింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే, మడత అలాగే నిలబడి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పడింది.

"అమ్మా, ఎప్పుడు దిగింది ఇది?"

"తెల్లారగట్ల సూసేను."

"నాకెందుకు సెప్పలేదు?"

అమ్మకి నా ప్రశ్న అర్థం కాలేదు. "నీ ఎదరే ఎట్టేను కదే ఆకు. నువ్వు వాచీ ఎట్టుకున్నంతసేపూ ఆగేను. నువ్వు తలెత్తేక, నువ్వు సూసినట్టు ఎట్టేను. ఆకెందుకెడతారో నీకు తెల్దేటి? నువ్వు నర్సువి. సూసి ఏటీ అనకుండా ఎల్లిపోయేవు. పరవానేదు గావాల అనుకున్నాను."

"గుడ్డ ఎప్పుడు తడిసింది?" అన్నాను.

అమ్మకి అది తడుముకోకుండా తెలుసు. "రాత్రి మొదటికోడి కూయకముందు ఒకపాలి. అది కూడా కొంచెమే, పసుప్పచ్చగా. మరి నేదు."

"నీళ్ళు పట్టేరా, నేను సెప్పినట్టు?"

చెల్లెలు తల ఎత్తకుండా అంది: "అమ్మ వద్దంది అప్పా. నీల్లు పడితే ఇంకా పోతాదని." పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుని మళ్ళీ అంది. "పెద్దోడికీ ఇలాగే పట్టలేదు."

రెండేళ్ళల్లో వాడి మాట ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. పెద్దవాడికి నీళ్ళు వద్దన్నది అప్పుడు ఎవరో, అమ్మా, అత్తగారా, నేను అడగలేదు. ఇప్పటికీ తెలీదు.

"నడండి," అన్నాను. సాయిబు జట్కా తిప్పుకుని గుమ్మం దగ్గరే ఆపి ఉంచాడు. అమ్మ మా వెనకే వచ్చి ఎక్కింది. నేను పనిచేసే ఆస్పత్రిలో అమ్మ అంతవరకు కాలు పెట్టలేదు.

డాక్టరుగారు పిల్ల తల మీద నరం కోసం వెతికారు, చీలమండ దగ్గర వెతికారు. దొరకలేదు. ఒంట్లో నీళ్ళు తగ్గితే నరాలు కూడా పలచబడి చర్మం కింద కలిసిపోతాయి. చివరికి అప్పటి పద్ధతి ప్రకారం రెండు తొడల్లోనూ చర్మం కిందికి సూదులు పెట్టి సెలైన్ వదిలారు. గాజు సీసా, ఎర్రటి రబ్బరు గొట్టం, మరగబెట్టిన సూదులు. కాసేపటికి తొడలు రెండూ ఉబ్బడం మొదలుపెట్టాయి.

"ఓలమ్మో, తొడలు ఉబ్బిపోతన్నాయి," అంది అమ్మ.

"ఉబ్బాలమ్మా," అంది హెడ్ సిస్టరు. "ఉబ్బి తగ్గాలి. తగ్గితే నీళ్ళు ఒంట్లోకి వెళ్ళినట్టు. మీరు వాపు చూస్తూ ఉండండి, ఎప్పుడు తగ్గిందో నాకు చెప్పండి." అమ్మ చేతికి ఒక గిన్నె, చెంచా ఇచ్చింది. "ఇవి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. నోట్లో కాదు, బుగ్గ లోపలికి వదలండి. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పట్టండి. ఆపకండి."

"పోతాదేమోనమ్మా, నీల్లకి."

"పోతే పోనీండి. పోయినదానికంటే ఎక్కువ పట్టండి."

అమ్మ చెంచా తీసుకుంది. నేను తొట్టిమంచం ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాను. హెడ్ సిస్టరు నన్ను చూసి, "నీ మనిషి అవతల ఉంది," అంది.

"సిస్టర్, నేను ఇక్కడ..."

"ఈ బిడ్డకి ఇవాళ నువ్వు నర్సువి కాదు. పెద్దమ్మవి. పెద్దమ్మలు వార్డులో పనికిరారు. పో."

మధ్యాహ్నమంతా హాలుకి ఇవతలి చివర పనిచేశాను. టైఫాయిడ్ జ్వరంతో ఉన్న ఒకామెకి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచాను. నాలుక చూశాను, నోరు కడిగాను. ఇద్దరికి కట్లు మార్చాను. ప్రతిసారీ చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కణ్ణుంచి కిటికీ కింద అమ్మ వీపు కనిపించేది. చెయ్యి గిన్నెలోకీ, పిల్ల నోటి దగ్గరికీ పోతూ ఉండేది. చెల్లెలు నేల మీద కూర్చుని ఊచల మీద నుదురు ఆనించి ఉంది. పిల్ల ఏడుపు కోసం చెవులు పెట్టుకున్నాను. వినబడలేదు. పూడిమడక పిల్లవాడు ఒంటిగంటకి ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ సంతోషంతో వాడితో పాటు ఏడ్చింది. ఆ ఏడుపు విని నాకు సంతోషం కలగలేదు. మా పిల్ల ఎందుకు ఏడవటం లేదు అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మూడు గంటల ప్రాంతంలో అపెండిసైటిస్ కోడలికి మూత్రం వచ్చింది. తెర వెనక నుంచి అత్త కేక పెట్టింది. "సిస్టరమ్మా! వచ్చీసిందమ్మా! సెంబు నిండిపోనాది, రా, సూసుకో, రాసుకో!" వార్డంతా నవ్వింది. నేను వెళ్ళి కొలిచి రాసుకున్నాను. రాసిన అంకె రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాస్తుంటే అత్త చూసింది. అటు కిటికీ వైపు చూసింది. ఆవిడకి ఎవరు చెప్పారో. గొంతు తగ్గించి, "వస్తాదిలే తల్లీ, దానికీ వస్తాది," అంది. ఆ రోజు నాతో అలా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

నాలుగింటికి తొడల వాపు కొంచెం తగ్గిందని అమ్మ చెప్పి పంపింది. నాలుగున్నరకి పిల్ల ఒకసారి కక్కింది. నా డ్యూటీ అప్పటికే అయిపోయింది. ఇంటికి పొమ్మని ఎవరూ అనలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం లేక, స్టెరిలైజర్ దగ్గర నిలబడి ఎవరూ అడగని సూదులు తీసి రాయి మీద నూరుతూ ఉన్నాను.

ఐదూ యాభైకి అమ్మ హాలు మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చింది. రెండు చేతుల్లోనూ ఒక గుడ్డ పట్టుకుని ఉంది. మంచాలవాళ్ళు చూస్తున్నారు. నా ఎదురుగా వచ్చి నిలబడి గుడ్డ ముందుకి చాపింది.

"తడిసింది సూడు."

పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఒక అరచేయంత మేర. హెడ్ సిస్టరు వెనకనుంచి వచ్చి, గుడ్డ తీసుకుని, వెలుతురు వైపు పెట్టి రంగు చూసింది. "ఇంకో రెండు తడవనివ్వండి. అప్పుడు నవ్వుదురుగాని," అంది. గుడ్డ అమ్మకే ఇచ్చేసింది. అమ్మ దాన్ని మడతపెట్టి పట్టుకుని మళ్ళీ అంత దూరమూ నడిచి వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకి పిల్ల ఏడ్చింది. సన్నగా, పిల్లి కూన అరిచినట్టు. కన్నీళ్ళు మాత్రం మర్నాడు గాని రాలేదు.

ఐదు రోజులున్నారు. పిల్ల బతికింది. ఇంటికి వచ్చిన రోజు నేను అలవాటుగా పెరటివైపు తిరిగితే, "ఇలా రా," అని అమ్మ వీధి గుమ్మంలోంచే పిలిచింది. బిందె దగ్గర మాత్రం చేతులు కడుక్కోమంది. సబ్బు తనే అందించింది. నేను అన్న మాటకి క్షమించమని అడగలేదు. తనూ నీళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చెల్లెలికి తర్వాత ఇద్దరు పుట్టారు. ఇద్దరికీ అమ్మ ఆముదం పెట్టింది. కాని పద్ధతి మార్చుకుంది. పెట్టేముందు మాడు మీద మధ్యవేలు ఆనించి, కళ్ళు మూసుకుని, అది కొట్టుకోవడం చూసేది. నేను ఏ గదిలో ఉన్నా వినబడేట్టు, "ఒలే, మాడు బాగున్నాది, ఆముదం ఎడతన్నాను," అని చెప్పేది. నేను ఇంట్లో లేకపోయినా గట్టిగా అదే మాట అనేదని చెల్లెలు నవ్వేది. పిల్ల విరేచనం చేస్తే అమ్మే ముందు నీళ్ళు కాచేది. ఆకు మళ్ళీ పెట్టలేదు.

అమ్మ పోయి పదకొండు నెలలయింది. ఆఖరి రెండు నెలలూ నా దగ్గరే మంచంలో ఉంది. నాడి, ఊపిరి, నాలుక, మడమల దగ్గర చర్మం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, అన్నీ చేశాను. ఒక కాగితం మీద గీతలు గీసి తాగిన నీళ్ళూ వచ్చిన మూత్రమూ రాసేదాన్ని. "ఒంటికి వెళ్ళిందా?" అని అడిగితే, "నీకు అదే లోకం," అనేది. చివరి వారం ఆ కాగితంలో రెండో గడి ఖాళీగా ఉంటూ వచ్చింది. ఆ ఖాళీ ఏం చెబుతోందో చదవడం నాకు తెలుసు. బుగ్గ లోపలికి చెంచాతో నీళ్ళు వదులుతూనే ఉన్నాను. ఆమె మింగడం మానేశాక కూడా ఒక పూట వదిలాను. పెదవుల పక్కనుంచి కారినవి తుడుస్తూ వదిలాను.

ఆనాటి పిల్లకి ఇప్పుడు కూతురు పుట్టింది. మొన్న చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళ డాక్టరు తలకి ఏ నూనే వద్దన్నాడట. సరైన మాటే. నేను కూడా అదే చెబుతాను. పసిదాన్ని ఒళ్ళో పెట్టగానే నా వేలు దానంతటదే నడినెత్తికి పోయింది. మెత్తగా, సమంగా ఉంది, కొట్టుకుంటోంది. "బాగున్నాది," అన్నాను పైకే.

"ఏంటి పెద్దమ్మా?" అంది పసిదాని అమ్మ పక్కగదిలోంచి.

"ఏమీ లేదు."

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ పసిపిల్లల మాడుకి ఆముదం పెట్టరు.